చందా పుస్తకంలో మిగిలే సగం

(నెల్లూరు పురమందిరంలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు, లా విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు కీచుమంటోంది, కాస్త తగ్గించండి నాయనా. వెనక వరసలో వాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. కోర్టులో అలవాటే.

నన్ను పిలిచిన పిల్లలు ఫోన్లో ఒక్కటే అడిగారు. "సార్, మేం మా హీరో పాత్రతో ఫ్యాన్ ఫిల్మ్ తీస్తున్నాం, జనం దగ్గర డబ్బులు పోగుచేస్తున్నాం, కేసు పడుతుందా పడదా?" అని. దానికి జవాబు ఒక్క నిమిషంలో చెప్పేసి ఇంటికి పోవచ్చు. కానీ అమెరికాలో అచ్చం ఇలాంటి కేసు ఒకటి నడిచింది. దాంట్లో మీరడిగిన ప్రశ్నా ఉంది, మీరు అడగనిది ఇంకోటీ ఉంది. నేను బస్సెక్కి వచ్చింది ఆ రెండో దాని కోసం.

స్టార్ ట్రెక్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1966 సెప్టెంబరు 8న అమెరికా టీవీలో మొదలైన సీరియల్. అంతరిక్షంలో ఓడ, అందులో రకరకాల గ్రహాల వాళ్లు. పెద్దగా ఆడలేదు. రెండో ఏడాదితో ఆపేస్తారని తెలిసి అభిమానులు టీవీ కంపెనీకి ఉత్తరాలు గుట్టలు గుట్టలుగా రాశారు. దాంతో మూడో ఏడాది కూడా నడిచింది. అంటే ఆ కథని కాపాడింది అభిమానులే. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆ కథ హక్కులున్న కంపెనీలు కోర్టుకెక్కినప్పుడు అభిమానులకు ఎక్కడ మండిందో తెలుస్తుంది.

ఆ మూడో ఏడాదిలో, 1969లో, ఒక ఎపిసోడ్‌లో గార్త్ అనే పాత్ర వస్తుంది. ఒకప్పుడు గొప్ప యోధుడు, ఆక్సనార్ అనే చోట జరిగిన యుద్ధంలో పేరు తెచ్చుకున్నవాడు. ఆ యుద్ధాన్ని మాటల్లో చెప్పుకోవడమే తప్ప తెర మీద చూపించలేదు. మన పౌరాణికాల్లో "అప్పుడెప్పుడో జరిగింది" అని ఒక పాత్ర చెప్పి ఊరుకుంటుంది చూడండి, అలాంటిది. ఏళ్ల తర్వాత అలెక్ పీటర్స్ అనే అభిమాని ఆ యుద్ధాన్ని సినిమాగా తీస్తానన్నాడు. గార్త్ వేషం కూడా తనే.

ముందు రుచి చూపించడానికి 2014లో ఇరవై నిమిషాల చిల్లర నిడివితో ఒక చిన్న సినిమా వదిలారు. చూడండి, ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఉంది. అభిమానులు తీశారంటే నమ్మబుద్ధి కాదు. స్టార్ ట్రెక్‌లో అంతకుముందు వేసిన నటుడే వచ్చి మళ్లీ అదే పాత్ర వేశాడు. ఆ చిన్న సినిమాకి, ఇంటర్నెట్‌లో జనం దగ్గర డబ్బులు పోగుచేసే కిక్‌స్టార్టర్ అనే వేదిక మీద లక్ష డాలర్లు దాటి వచ్చాయి. పెద్ద సినిమా తీస్తామనేసరికి అక్కడే ఇంకో 6 లక్షల 38 వేలు. మరుసటి ఏడాది ఇండీగోగో అనే ఇంకో వేదిక మీద 5 లక్షల 74 వేలు. అన్నీ కలిపితే 13 లక్షల డాలర్ల పైన. మన డబ్బుల్లో లెక్కేసుకోండి. అమ్మో అనిపిస్తుంది.

2015 డిసెంబరు 29న పారామౌంట్, సీబీఎస్ రెండూ కలిసి కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో పీటర్స్ మీద దావా వేశాయి. సినిమాల హక్కు ఒకరిది, టీవీ హక్కు ఒకరిది. అక్కడి చట్టం ప్రకారం కావాలనే కాపీ కొట్టాడని తేలితే ఒక్కో రచనకి లక్షన్నర డాలర్ల దాకా నష్టపరిహారం వెయ్యొచ్చు. ఎన్ని ఎపిసోడ్లు, ఎన్ని సినిమాల నుంచి తీసుకున్నాడో అన్ని లక్షన్నరలు.

ఇక్కడ ఒక సంగతి కొంచెం నిలబడి చూడాలి. నిర్మాత, అంటే ఆ పీటర్స్, అతని వైపు లాయర్లు ముందు ఏమన్నారంటే, ఏం కాపీ కొట్టామో స్పష్టంగా చెప్పలేదు, దావా కొట్టేయండి అని. సరే అని అవతలి వాళ్లు దావా సవరించి పట్టిక ఇచ్చారు. మొనదేలిన చెవులు. యూనిఫారం. ఓడ ఆకారం. పాత్రల పేర్లు. గ్రహాల పేర్లు. పెళ్లి సారె పట్టికలా పేజీల కొద్దీ. అవన్నీ ఎక్కడివనుకున్నారు? తీసినవాళ్లు గొప్పగా చూపించుకున్నవే. అసలు కథకి వెంట్రుకవాసి తేడా రాకుండా తీస్తున్నాం అని జనానికి చెప్పే కదా డబ్బులు అడిగారు! ఆ శ్రద్ధే సాక్ష్యమైంది. 2017 జనవరి మొదటి వారంలో జడ్జి గ్యారీ క్లాస్నర్ ఇచ్చిన ఉత్తర్వులో ఇదే కనపడుతుంది: మూలానికి నమ్మకంగా ఉండాలన్న పట్టుదల వాళ్లకి ఉంది కాబట్టి ఇది వ్యాఖ్యానమూ కాదు, వ్యంగ్యమూ కాదు, ఫెయిర్ యూజ్ అనే మినహాయింపు వర్తించదు అని. సినిమా ఊరికే చూపిస్తున్నాం కదా అన్నా ఒప్పుకోలేదు. టికెట్ అమ్మకపోయినా ఆ పేరు మీద డబ్బు వచ్చింది, పేరూ వచ్చింది, అది లాభం కాదా అన్నారు.

మన పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. "సార్, మేం బాగా ప్రేమతో తీశాం" అంటారు. ప్రేమ ఎంత ఎక్కువైతే పోలిక అంత ఎక్కువ. పోలిక ఎంత ఎక్కువైతే అవతలి లాయరు పని అంత తేలిక.

ఇంకో ముచ్చట. ఈ మాట చెప్తే నాకే నవ్వొస్తుంది. ఆ పట్టికలో క్లింగాన్ భాష కూడా ఉంది. అది ఆ కథలో ఒక జాతి మాట్లాడే భాష. 1984లో వచ్చిన సినిమా కోసం మార్క్ ఒక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త తయారుచేశాడు, మరుసటి ఏడాది నిఘంటువు కూడా వేశారు. అది నేర్చుకుని మాట్లాడేవాళ్లు నిజంగానే ఉన్నారు. అప్పుడు కృత్రిమ భాషలు అల్లేవాళ్ల సంఘం ఒకటి కోర్టుకి అర్జీ పెట్టుకుంది. భాష మీద ఎవరికీ హక్కు ఉండకూడదని. ఆ అర్జీలో కొన్ని వాక్యాలు క్లింగాన్‌లోనే రాశారు! ఆ దశలో కోర్టు దాని జోలికి పోలేదు. తర్వాత తేల్చే అవకాశమూ రాలేదు.

మన దగ్గర ఆ ప్రశ్న వేసుకుని చూడండి. మాయాబజార్‌కి పింగళి నాగేంద్రరావు గారు కొత్త మాటలు పుట్టించారు. అసమదీయులకి ఎదురుగా తసమదీయులు అన్నారు. ఇప్పుడు పంచాయతీ ఎన్నికల్లో కూడా ఆ మాట వాడతాం. ఎవరికైనా పైకం కడుతున్నామా? విడి మాట మీద కాపీరైటు ఉండదు. సరే, మాట వదిలేయండి. నువ్వు మాయాబజార్ మీద ఫ్యాన్ ఫిల్మ్ తీస్తే? ఘటోత్కచుడు భారతంలోవాడు, అందరి సొత్తు. సినిమాకి మన చట్టంలో హక్కు 60 ఏళ్లు. మాయాబజార్ విడుదలైంది 1957లో, లెక్క మరుసటి జనవరి నుంచి మొదలు కాబట్టి 2017 ఆఖరుతో ఆ సినిమా మీద హక్కు తీరిపోయింది. హమ్మయ్య అనుకోవద్దు. రాతకి లెక్క వేరు. రాసినాయన పోయిన తర్వాత 60 ఏళ్లు. పింగళి గారు పోయింది 1971లో. అంటే ఆ సంభాషణలకి 2031 ఆఖరు దాకా ప్రాణం ఉంది. ఆ హక్కు ఎవరి చేతిలో ఉందన్నది అప్పట్లో రాసుకున్న కాగితాలని బట్టి. ఒకే సినిమాలో పొరలు పొరలుగా హక్కులు. పెసరట్టు మీద ఉప్మా, దాని మీద అల్లం. ఒక పొర తీసి, అంతా ఉచితమే అనుకుంటే పొరపాటు.

మన చట్టం 1957 నాటిది. 52వ సెక్షన్లో మినహాయింపులున్నాయి. సొంతానికి వాడుకోవడం, పరిశోధన, విమర్శ, సమీక్ష, ఇలాంటివి. అభిమానం అనే మాట అందులో లేదు. లాభం లేకుండా చేశాం అంటే 63వ సెక్షన్లో శిక్ష తగ్గించే వీలు జడ్జికి ఉంది గానీ తప్పు తప్పు కాకుండా పోదు. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్లు. పోలీసులు వారంటు లేకుండా పట్టుకెళ్లొచ్చని, బెయిలు హక్కుగా రాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. సినిమా మొదట్లో "ఎవరి హక్కులనూ హరించే ఉద్దేశం లేదు" అని కార్డు వేస్తారు చూడండి, అది పచ్చబొట్టంత పనికూడా చెయ్యదు. పచ్చబొట్టు కనీసం చెరగదు.

అట్లాగని ఏమీ తియ్యకూడదా? తియ్యొచ్చు. 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆనంద్ గారి నాటకంలోనూ, న్యూ ఢిల్లీ అనే సినిమాలోనూ ప్రాంతీయ దురభిమానమే విషయం. నా నాటకం కాపీ కొట్టారని కేసు వేసిన ఆయన ఓడిపోయారు. ఆలోచన మీద ఎవరికీ హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరు మీదే అని. 1996లో కేరళ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఒక పాత నాటకానికి బదులుగా, దాన్ని ఎదిరిస్తూ రాసిన నాటకం అందులోంచి చాలా తీసుకున్నా, విమర్శ కోసం తీసుకుంది కాబట్టి ఆపక్కర్లేదంది. కాబట్టి మీ హీరోతో పోట్లాడే సినిమా తీస్తే కొంత రక్షణ ఉంది. పొగిడే సినిమా తీస్తే లేదు. విచిత్రంగా ఉంది కదా? ఉంటుంది. ఇక మొహం సంగతి. ఈ మధ్య ఏఐ పెట్టి హీరో మొహం, గొంతు దించేస్తున్నారు. అది కాపీరైటు కూడా కాదు, ఆ మనిషి సొంత హక్కు. రజనీకాంత్ గారి కేసులో 2015లోనే మద్రాసు హైకోర్టు ఆ పేరు, ఆ తీరు వాడుకోవద్దంది. ఈ ఒక్కటి మాత్రం అసలు చెయ్యకండి.

సరే, అమెరికా కేసుకి వద్దాం. మధ్యలో ఒక తమాషా. 2016 మే నెలలో, స్టార్ ట్రెక్ సినిమాలు తీసిన జె.జె. అబ్రమ్స్ అభిమానుల సభలో నిలబడి, కేసు వెళ్లిపోతోంది, అభిమానుల మీద కేసులేంటి అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. కేసు మాత్రం పోలేదు. సినిమావాళ్లు స్టేజీ మీద చెప్పినదానికి వకాల్తా ఉండదు. జూన్‌లో కంపెనీలు ఫ్యాన్ ఫిల్ములకి నియమాలు పెట్టాయి. 15 నిమిషాలు మించకూడదు, రెండు భాగాలైతే 30. వసూలు 50 వేల డాలర్లు దాటకూడదు. అంతకుముందు స్టార్ ట్రెక్‌లో పనిచేసినవాళ్లని పెట్టుకోకూడదు. వీటివల్ల దెబ్బతిన్నది ఈ నిర్మాత ఒక్కడే కాదు. ఎవరితోనూ తగాదా లేకుండా తీసుకుంటున్న ఇంకో బృందం కూడా అనుకున్నదానికంటే ముందే 2017లో దుకాణం సర్దేసుకుంది. ఒకడు గోడ దూకితే ఊరంతటికీ కంచె వేశారు.

2017 జనవరి 20న, విచారణకి పది పన్నెండు రోజుల ముందు, రాజీ అయింది. హద్దు దాటామని నిర్మాత ఒప్పుకున్నాడు. చిన్న సినిమా ప్రకటనలు లేకుండా ఉంచుకోవచ్చు. పెద్ద సినిమా 15 నిమిషాల చొప్పున రెండు ముక్కలుగా తీసుకోవచ్చు. దానికి జనం దగ్గర బహిరంగంగా వసూలు చెయ్యకూడదు.

ఇప్పుడు ఆ రాజీ కాగితంలో ఎవరెవరి సంతకాలున్నాయో ఆలోచించండి. కంపెనీలవి ఉన్నాయి, నిర్మాతది ఉంది. 13 లక్షల డాలర్లు ఇచ్చిన వేలమందిలో ఒక్కరిదీ లేదు. వాళ్లు పూర్తి నిడివి సినిమాకి డబ్బిచ్చారు. కేసు పడే నాటికి ఆ డబ్బులో పెద్ద భాగం ఒక గోదాము అద్దెకీ, దాన్ని స్టూడియోగా మార్చడానికీ పోయింది. తనకి కూడా జీతం తీసుకున్నానని నిర్మాతే తన వార్షిక లెక్కల్లో రాశాడు. దాని మీద అభిమానుల్లోనే పెద్ద గొడవ. కొందరు, స్టూడియో లేకుండా సినిమా ఎట్లా వస్తుంది అన్నారు. కొందరు, మేమిచ్చింది సినిమాకి, నీ వ్యాపారానికి కాదు అన్నారు. నన్నడిగితే, కాపీరైటు గొడవ కంటే ఈ గొడవే పెద్దది. కంపెనీకి లాయర్లున్నారు. పాతిక డాలర్లు ఇచ్చినవాడికి ఎవరున్నారు?

ఒక సొంత విషయం చెప్తాను. కాలేజీ రోజుల్లో నేనూ అభిమాన సంఘం కార్యదర్శినే. ఏ హీరో అని అడగొద్దు, ఇప్పుడు చెప్తే సగం మంది లేచిపోతారు. ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. సినిమా వంద రోజులు ఆడబోతోంది. ఆ సందర్భంగా హీరో పేరు మీద సంతపేటలో చలివేంద్రం పెడతామని చందా పుస్తకం అచ్చు వేయించాం. మీకు తెలుసు కదా, చిల్లులున్న గీత మీద చింపి సగం ఇస్తాం, సగం పుస్తకంలో ఉండిపోతుంది. నాలుగు వేల మూడు వందలు వచ్చింది. ఆ రోజుల్లో చిన్న డబ్బు కాదు. వంద రోజులు దగ్గరపడేసరికి అవతలి హీరో వాళ్లు ముప్ఫై అడుగుల కటౌట్ పెట్టారు. మేం నలభై పెట్టాం. చలివేంద్రం డబ్బుతో. ఎవరం జేబులో వేసుకోలేదు. ఒక్క రూపాయి తినలేదు. అందరం దండలు మోశాం, భుజాలు కాయలు కాశాయి.

మూల మీద కారందోసెల బండి పెట్టుకున్న అక్క మాకు యాభై రూపాయలిచ్చింది. వారం పోయాక దోసె తినబోతే, పెనం మీద నీళ్లు చల్లి, చీపురుతో తుడుస్తూ, తలెత్తకుండా అడిగింది: "కుండలేయి అబ్బయా?" నాకు అర్థం కాలేదు. బండికి కట్టిన వెంకటేశ్వరస్వామి పటం వెనకనుంచి రసీదు తీసి చూపించింది. నూనె మరకలు పడి పారదర్శకమైపోయింది. 'చలివేంద్రం నిమిత్తం' అని ఉంది. నా చేతిరాతే. "కటౌట్ పెట్టాం కదక్కా" అన్నాను. "అది తాగుతారా?" అంది. అంతే. ఇంకేమీ అనలేదు. దోసె వేసింది, డబ్బులు కూడా తీసుకుంది. అంతకుముందు ఎప్పుడూ చిల్లర వదిలేసేది, ఆరోజు పావలా కూడా వదల్లేదు.

లా చదివేటప్పుడు 1886 నాటి కలకత్తా హైకోర్టు తీర్పు ఒకటి చదివాను. కేదార్‌నాథ్ భట్టాచార్య కేసు. మనం ఇప్పుడు టౌన్‌హాల్లో కూర్చున్నాం కదా, అది కూడా టౌన్‌హాల్ గొడవే. హౌరాలో టౌన్‌హాల్ కట్టడానికి చందాలు వేసుకున్నారు. ఒకాయన వంద రూపాయలిస్తానని సంతకం పెట్టి ఎగ్గొట్టాడు. నీ సంతకం నమ్ముకుని వాళ్లు కాంట్రాక్టరుకి పని అప్పగించారు, ఇవ్వాల్సిందే అంది కోర్టు. అప్పుడు నాకు దోసెల అక్క గుర్తొచ్చింది. ఇస్తానన్నవాడి మాటకే అంత బరువుంటే, ఫలానా పనికని పుచ్చుకున్నవాడి మాటకి ఎంత ఉండాలి? ఒక పనికని నమ్మి అప్పగించిన డబ్బుని దురుద్దేశంతో వేరే దానికి వాడితే నేరపూరిత నమ్మకద్రోహం, ఇప్పటి న్యాయసంహితలో 316వ సెక్షన్. మాకు దురుద్దేశం లేదు నిజమే. అక్కకి మాత్రం కుండలూ లేవు.

జనం డబ్బుతో సినిమా కొత్త కాదు. 1976లో గుజరాత్ పాలరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకుంటే శ్యామ్ బెనెగల్ మంథన్ తీశారు. మా సినిమా చూస్తామని ఆ రైతులే లారీల్లో వచ్చారు. అక్కడ కథ వాళ్లది, డబ్బు వాళ్లది. మీ ఫ్యాన్ ఫిల్మ్‌లో కథ ఒకరిది, డబ్బు ఇంకొకరిది. మీది కష్టం మాత్రమే. కష్టం తక్కువని అనను. కానీ ఇద్దరికి బాకీ ఉండి, ఎవరికీ చెప్పకుండా తిరిగేవాడిని మన ఊళ్లో ఏమంటారో మీకే తెలుసు.

పెద్దవాళ్లు కొందరు అంటారు, ఇదంతా ఇప్పుడొచ్చిన గొడవ, మన కవులు ఒకరి కథ ఒకరు తీసుకోలేదా అని. తీసుకున్నారు. నన్నయ గారు అరణ్యపర్వం మధ్యలో ఆపేశారు. మన పెన్న ఒడ్డున కూర్చుని రాసిన తిక్కన గారు ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టారు. అది పూరించింది ఎర్రన గారు, మన గుడ్లూరు వారని చెప్పుకుంటాం. పూరించి, తన రాజుకి కాకుండా, నన్నయ గారి రాజు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. ఫ్యాన్ అంటే ఆయన! ఎక్కడ అతికారో కనపడదు, పేరు మాత్రం ముందువాళ్లకే. కానీ ఒకటి గమనించండి, ఆయన ఊళ్లో చందా పుస్తకం తిప్పలేదు. తిప్పి ఉంటే లెక్కా పద్యంలోనే రాసేవారేమో.

సమయం అయిపోయిందని ఆ అబ్బాయి వాచీ చూపిస్తున్నాడు. ఒక ప్రశ్న తీసుకుంటాను. చెప్పు నాయనా, నిలబడి చెప్పు.

(సభలో ఒక విద్యార్థి: "సార్, మేం పన్నెండు నిమిషాల ఫిల్మ్‌కి అరవై వేలు వసూలు చేశాం. లాభం వస్తే వాటా ఇస్తామని కూడా కొందరికి చెప్పాం. మీరు చెప్పింది విన్నాక ఆపేయాలనిపిస్తోంది. ఆపితే డబ్బులు వెనక్కివ్వాలా?")

వాటా ఇస్తామన్నారా! ఎందుకబ్బా అంత తొందర? ఆ మాట ఈ రాత్రికే వెనక్కి తీసుకో. లాభం ఆశ చూపి జనం దగ్గర డబ్బు తీసుకుంటే అది చందా కాదు, పెట్టుబడి. దానికి పెట్టుబడుల మీద కన్నేసి ఉంచే సెబీ ఉంది, 2019లో వచ్చిన డిపాజిట్ల చట్టం ఉంది, అవి సినిమావాళ్ల కంటే మోటు. ఇక ఆపడం గురించి. ముందు హక్కుదారుకి ఒక ఉత్తరం రాయి. అనుమతి అడుగు, ఎన్ని నిమిషాలో చెప్పు, ఎంత వసూలైందో చెప్పు. వద్దంటే పాత్ర పేరు, వేషం, డైలాగులు మార్చి సొంత కథగా తీయొచ్చేమో చూద్దాం. కానీ అట్లా మారిస్తే ముందు డబ్బిచ్చినవాళ్లకి చెప్పాలి. వాళ్లిచ్చింది ఆ హీరో సినిమాకి, నీ సొంత కథకి కాదు. కావాలంటే ఉంచుతారు, వద్దంటే వెనక్కివ్వాలి. ఎంత ఖర్చయింది ఇప్పటికి?

("కెమెరా అద్దెకి పద్దెనిమిది వేలు, సార్. ఇంకో ఏడు వేలు... టీ షర్టులకి.")

టీ షర్టులా. సరే. చందాలు ఎవరెవరిచ్చారో పేర్లున్నాయా? ఫోన్లో కాదు, కాగితం మీద?

("రసీదు పుస్తకం ఉంది సార్. కొన్నిటికి పేర్లు రాయలేదు.")

గుర్తున్నంతవరకు ఈ రాత్రి కూర్చుని రాయి. రేపు పదిన్నరకి కోర్టు దగ్గరికి రా. టీ షర్టు వేసుకు రావద్దు. పుస్తకం మాత్రం పట్టుకురా.